అర్ధావభేదకము – అనంతవాతము : నామనిర్ణయ విచారము

ప్రాణములకును సర్వేంద్రియములకును ఆశ్రయమగుటచే శిరస్సు ఉత్తమాంగమని చరకసంహిత సూత్రస్థానము 17వ అధ్యాయము నిర్వచించుచున్నది. ఆ అధ్యాయమున శిరోరోగములు 5. సుశ్రుతుడు ఉత్తరతంత్రము 25వ అధ్యాయమున 11 చెప్పెను. వాగ్భటుడు అష్టాంగహృదయమున 10 రోగములను, వేరుగా 9 కపాలవ్యాధులను లెక్కించెను. దీనిని మతభేదముగా భావించి వాదములు పెంచిన వారు కలరు కాని అంత ప్రయాస అనవసరము. చరకసంహిత సూత్రస్థానపు లెక్కలో చేరని శంఖక, అర్ధావభేదక, సూర్యావర్త, అనంతవాతములు ఆ సంహితయందే సిద్ధిస్థానము 9వ అధ్యాయమున వివరింపబడినవి. విచారింపవలసినది సంఖ్య కాదు, నామము. ఈ సంస్కృతనామములకు నేటి వైద్యశాస్త్ర నామములను పర్యాయములుగా అతికించు పద్ధతి మన పాఠ్యపుస్తకములలో స్థిరపడినది. అర్ధావభేదకమనగా మైగ్రేన్, అనంతవాతమనగా ట్రైజెమినల్ న్యూరాల్జియా అని విద్యార్థి పరీక్షలో వ్రాయును, గురువు అంకములు వేయును. ఈ సమీకరణము ఎంతవరకు నిలుచునో మూలగ్రంథముననుసరించి చూడవలసియున్నది.

ముందుగా నిదానము. చరకుడు చెప్పిన శిరోరోగ హేతువులలో వేగధారణము, పగటినిద్ర, రాత్రి జాగరణము, బిగ్గరగా మాటలాడుట, మంచు, తూర్పుగాలి, సరిపడని వాసన, ధూళి, పొగ, ఎండ, కన్నీరు ఆపుకొనుట, మనస్తాపము ఉన్నవి. ఈ పట్టికను చేతబట్టుకొని ఒక సాయంకాలము హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టునున్న వీథులలో నడచినచో వ్యాఖ్యానముతో పనిలేదు. కంప్యూటరు శిక్షణాలయములకై జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు వసతిగృహములలో రాత్రులు మేల్కొందురు, ఉదయము భోజనము మానుదురు, తరగతిలో గంటలకొలది తెరను చూతురు. వెలుపల వాహనముల పొగ, ధూళి, హారనుల మ్రోత. తలనొప్పి వచ్చినపుడు వీథి చివర మందుల దుకాణములో మాత్ర కొనుట వారికి టీ త్రాగుటవంటిది. చరకుని పట్టికలో లేని హేతువు ఇదియొక్కటే. తలనొప్పి రోగి సాధారణ నొప్పిమాత్రలను నెలలో 15 దినములు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడినచో ఆ ఔషధమే తలనొప్పికి కారణమగునని నేటి వైద్యులు నిర్ణయించిరి.

ఇక అర్ధావభేదకము. ‘అవ’పూర్వకమైన భిద్ ధాతువునుండి వచ్చిన శబ్దము, సగము తలను చీల్చునది యని అర్థము. తెలుగున పార్శ్వపు నొప్పి యందురు. గ్రీకు వైద్యులు వాడిన ‘హెమిక్రేనియా’కు సగము కపాలమనియే అర్థము, మైగ్రేన్ అను మాట దానినుండి పుట్టినదే. శబ్దార్థములు ఇంతగా కలియుటచే రోగములును ఒక్కటేయని తోచును. కాలలక్షణమును అనుకూలమే. పక్షమునకో, పదిదినములకో, అకస్మాత్తుగానో వచ్చునని సుశ్రుతుడు. పక్షమునకో మాసమునకో ప్రకోపించి తనంతతానే శమించునని వాగ్భటుడు. వెలుగు సహింపలేకపోవుట అను ముఖ్యలక్షణము అర్ధావభేదకమున కనబడదని కొందరి ఆక్షేపము. వాగ్భటుని వాక్యక్రమమును గమనింపనందున కలిగిన ఆక్షేపమిది. ఆయన వాతజ శిరోవేదనకు ప్రకాశాసహతను చెప్పి, వెంటనే అదియే తలలో సగమున ఉన్నచో అర్ధావభేదకమనెను. కావున పూర్వలక్షణములు ఇందు అనువర్తించును.

అయినను నామమే ఇచట మోసము చేయగలదు. 1988లో అంతర్జాతీయ శిరోవేదనా సంఘము ప్రకటించిన వర్గీకరణములో ఒకవైపు నొప్పి నాలుగు లక్షణములలో ఒకటి మాత్రమే. నాలుగింట రెండున్న చాలును. 2018లో వెలువడిన మూడవ కూర్పులోను అంతే. రెండువైపుల నొప్పితో, వాంతితో, 4 మొదలు 72 గంటలు బాధపడువాడు మైగ్రేన్ రోగి కావచ్చును. అర్ధావభేదకమను పేరునే పట్టుకొన్నవాడు అతనిని గుర్తింపలేడు.

అనంతవాతము విషయమున పొరపాటు మరింత పెద్దది. సుశ్రుతుని లక్షణమున దోషములు మూడును మెడనరములను పీడించి మొదట మెడవెనుక తీవ్రవేదన కలిగించును. పిమ్మట అది కన్ను, కనుబొమ, కణతలయందు నిలుచును. చెక్కిలిప్రక్క కంపము, దవడ బిగింపు, నేత్రరోగములు తోడగును. ట్రైజెమినల్ న్యూరాల్జియా అట్టిది కాదు. ముఖమునకు స్పర్శజ్ఞానమునిచ్చు మూడుశాఖల నాడి మార్గమున, ప్రాయికముగా చెక్కిలిలోను దవడలోను, విద్యుద్ఘాతమువంటి నొప్పి కొన్ని సెకనులు మాత్రము వచ్చును. ముఖము కడుగుట, పండ్లు తోముట, నమలుట, గాలి తగులుట చాలును. మెడవెనుక ఆరంభము లేదు, దవడ బిగింపు లేదు. చెక్కిలి అదరుట మాత్రము కలియును. మెడనుండి పుట్టి కంటివైపు ప్రాకు శిరోవేదనకే సుశ్రుతుని వర్ణనము దగ్గర.

ఇది కేవలము పండితచర్చ యైనచో ఇంత వ్రాయ బనిలేదు. సుశ్రుతుడు అనంతవాతమునకు సూర్యావర్త చికిత్సను, సిరావ్యధమును విధించెను. ట్రైజెమినల్ రోగికి దానిచే ఫలము చూపిన నిదర్శనము లేదు. దంతబాధ యనుకొని వరుసగా పండ్లు ఊడబెరికించుకొన్న పిదప అసలు రోగము తెలిసిన రోగులు అన్నిచోట్లను కలరు. కార్బమజెపీన్ అను ఔషధము ఈ నొప్పికి పనిచేయునని 1962లో ప్రకటితమైనది. నాడి మూలమును ధమని ఒత్తుటచే పుట్టిన నొప్పిలో, ఔషధము చాలనపుడు, శస్త్రచికిత్సచే ఆ ధమనిని ఎడము చేయుదురు. అమీర్‌పేటకు ఆనుకొనియున్న పంజగుట్టలోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ ఒకప్పుడు ఎముకల ఆసుపత్రి. 1989 నాటి శాసనముచే విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందినది. నాడీవైద్య, నాడీశస్త్రచికిత్సా విభాగములు రెండును అందు కలవు. అట్టిచోటికి పంపవలసిన రోగిని ‘అనంతవాతము’ అను పేరుతో నిలిపివేయుట శాస్త్రభక్తి కానేరదు.

సూర్యుడు ఎక్కుకొలది పెరిగి, వాలుకొలది తగ్గు సూర్యావర్తమును నేటివారు నొసటి గాలిగదుల శోథముతో పోల్చుట కొంత యుక్తము. శంఖకమును కణతధమని శోథముతో పోల్చుట మాత్రము నిలువదు. శంఖకము మూడురాత్రులలో ప్రాణము తీయునని గ్రంథము. ధమనిశోథము 50 ఏండ్లు దాటినవారికి వచ్చి, చికిత్స ఆలస్యమైనచో చూపును హరించునది. అయితే శంఖకమునందు గ్రంథకర్త చూపిన త్వర గమనింపదగినది. అసాధ్యతను ముందుగా బంధువులకు తెలిపి పిదపనే వైద్యుడు చికిత్సకు పూనుకొనవలెనని విధి. క్షణములో పిడుగువలె మొదలైన తలనొప్పిని, స్పృహ తప్పించు తలనొప్పిని, జ్వరముతో మెడ బిగిసిన తలనొప్పిని నేటి వైద్యులు ఆ గడియలోనే పరీక్షింతురు. మూడురాత్రుల గడువును బోధించు ఉపాధ్యాయుడు ఈ మూడు లక్షణములను అదే పాఠమున చెప్పినచో, విద్యార్థి ఆ రోగికి నస్యము వేయుచు కూర్చుండడు.