తడి ఆరకుండా దాచకు

విశాఖపట్నం

బంగారు తల్లికి,

రాత్రి పదకొండున్నరకి నువ్వు పెట్టిన మెసేజ్ తెల్లారి లేచాక చూశాను. "పిన్నీ, నువ్వు రబ్బరు ల్యాబ్‌లో పనిచేశావు కదా, మెత్తటి రబ్బరు వస్తువుని మరిగిస్తే క్రిములు చస్తాయా?" అని మొదలుపెట్టి, ఆ వస్తువేమిటో ఆఖరి వాక్యంలో గానీ చెప్పలేదు. చెప్పావు, అదే చాలు. అడిగినందుకు నాకు నీ మీద ఒక్క పిసరు కూడా చిన్నచూపు లేదు. ఫోన్ చేస్తే నువ్వు సిగ్గుపడి మధ్యలో పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. నిదానంగా చదువుకో.

ముందు జవాబు: మరిగించకు. పారేయ్. వానాకాలమంతా ప్లాస్టిక్ కవర్లో చుట్టి సూట్‌కేసు అడుగున పెట్టానన్నావు. తీసేసరికి జిగురుగా ఉంది, ముక్క వాసన వస్తోంది, నల్ల చుక్కలు కూడా ఉన్నాయన్నావు. ఆ నల్ల చుక్కలు బూజు. పైన కనిపించేది కొంతే, మిగతాది లోపలికి దిగి ఉంటుంది. ఎంత కడిగినా అది మళ్లీ ఒంటికి తాకే వస్తువు కాదు.

ఎందుకు మరిగించకూడదో చెప్పాలంటే అది దేనితో చేశారో చెప్పాలి. నువ్వు పంపిన ఫొటోలో పెట్టె మీద "టీపీఈ" అని చిన్న అక్షరాల్లో ఉంది. థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్. ఇది 1960ల మధ్యలో బజారులోకి వచ్చిన పదార్థం. చెప్పుల అట్టలు, బ్రష్షుల పిడి తొడుగులు, సెక్స్ టాయ్‌లు, అన్నిట్లోనూ ఉంటుంది. సంక్రాంతి ముగ్గు తలుచుకో. చుక్కలు పెట్టి, చుక్కల్ని కలుపుతూ గీతలు వేస్తాం కదా. ఇందులో సాగేవి గీతలు, అవి రబ్బరు గొలుసులు. ఆ గీతల్ని పట్టి నిలబెట్టే చుక్కలు పాలీస్టైరీన్ అనే గట్టి ప్లాస్టిక్. మధ్య ఖాళీల్లో మినరల్ ఆయిల్ నింపుతారు. ఎంత నూనె పడితే వస్తువు అంత మెత్తన. చర్మంలా అనిపించేంత మెత్తటి రకాల్లో రబ్బరు కంటే నూనే ఎక్కువ ఉండటం నేను తూకం వేసి చూశాను.

ఇప్పుడు నీకే అర్థమవుతుంది. పాలీస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది. మరిగే నీళ్లలో వేస్తే ముగ్గు చుక్కలు చెదిరినట్టే. వస్తువు వంగిపోతుంది, కారిపోతుంది, నూనె పైకి తేలుతుంది. అలాగే, అది జిగురుగా తయారైందని నువ్వు మురికి అనుకున్నావు చూడు, అందులో చాలావరకు మురికి కాదు. లోపలి నూనె మెల్లగా పైకి ఊరడమే. అది ఆ పదార్థం స్వభావం. నువ్వు సరిగా కడగలేదనుకుని ఒకరోజు బట్టల సబ్బుతో, ఇంకోరోజు యాంటీసెప్టిక్ ద్రావణంతో రుద్దానని రాశావు. అమ్మా, ఆ ఘాటు పదార్థాల్లో కొంత టీపీఈలోకి ఇంకుతుంది. తర్వాత అది నీ ఒంటికి తగులుతుంది. నువ్వు రాసిన మంటకి అదీ ఒక కారణం అయి ఉండొచ్చు.

ఒంటి సంగతి కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. దురద వారం నుంచి ఉందన్నావు. మందుల షాపులో అడిగి క్రీమ్ కొనుక్కోకు. పెరుగు తరకల్లాంటి తెల్లబట్ట అయితే సాధారణంగా ఫంగస్. పలచగా, చేపల వాసనతో అయితే బ్యాక్టీరియా. రెండిటికీ మందులు వేరు, ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లు. వెళ్లి, ఫలానా వస్తువు వాడాను, అది శుభ్రంగా లేదు అని చెప్పు. ఆ ఒక్క వాక్యం చెప్పకపోతే మందుతో తగ్గుతుంది, నెలకి మళ్లీ రావచ్చు. తగ్గేదాకా ఏదీ వాడకు. లోపల నీళ్లు కొట్టి కడగడం, శీకాయ, పసుపు నీళ్లు, నిమ్మరసం, ఇవేవీ వద్దు. యోనికి దాని శుభ్రం అది చేసుకునే ఏర్పాటు ఉంది. బయట మామూలు నీళ్లు చాలు.

ఇంత గట్టిగా చెప్పడానికి నాదొక కథ ఉంది. నా పదహారో ఏట, నెలసరికి గుడ్డలు వాడే రోజుల్లో, ఉతికిన గుడ్డలు ఎవరికీ కనపడకూడదని మా అమ్మమ్మ ఆజ్ఞ. దొడ్లో తీగ మీద ఎండలో వేయడానికి లేదు. స్నానాల గదిలో లంగా కింద దాచి ఆరేసేవాళ్లం. వానాకాలంలో అవి ఎప్పుడూ పూర్తిగా ఆరేవి కావు. చెమ్మ గుడ్డే మళ్లీ కట్టుకునేదాన్ని. ఆరు నెలలు దురద పడ్డాను, తొడలు ఒరుసుకుపోయాయి, క్లాసులో కూర్చోలేకపోయేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చివరికి మీ అమ్మ, నాకంటే నాలుగేళ్లే పెద్ద, నడక చూసి కనిపెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లింది. గుడ్డ వల్ల నాకేమీ కాలేదు తల్లీ. దాచడం వల్ల అయింది. నీ సూట్‌కేసు అడుగున ప్లాస్టిక్ కవరు గురించి చదవగానే నాకు ఆ లంగా కింది గుడ్డే గుర్తొచ్చింది. యాభై ఏళ్లు గడిచాయి. గుడ్డ పోయి ఇంకోటి వచ్చింది, దాచే తీరు మాత్రం మారలేదు. అదే నాకు బాధ.

ఇక ముందు సంగతి. మళ్లీ కొనుక్కోవడం, మానడం నీ ఇష్టం. కొంటే మాత్రం సిలికోన్‌ది కొను. అందులో ముగ్గు చుక్కలు ఉండవు. గొలుసుకీ గొలుసుకీ రసాయనికంగా ముడి పడి ఉంటుంది, మెత్తదనానికి నూనె కలపక్కర్లేదు. 200 డిగ్రీల వేడికి కూడా చలించదు. మోటారు, బ్యాటరీ లేని పూర్తి సిలికోన్ వస్తువుని ఐదు నిమిషాలు నీళ్లలో మరిగించవచ్చు, దానికని వేరే గిన్నె పెట్టుకుని. మోటారు ఉన్నదాన్ని ఎప్పుడూ మరిగించకూడదు. దాని మీద "ఐపీఎక్స్7" అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం, అంటే కుళాయి కింద ధైర్యంగా కడుక్కోవచ్చు. ఆ గుర్తు లేకపోతే తడిగుడ్డకి సబ్బు రాసి తుడిచి, ఇంకో తడిగుడ్డతో సబ్బు పోయేదాకా తుడువు.

అమెరికాలో చేసి 2014లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం టీపీఈకీ సిలికోన్‌కీ ఉన్న ఈ తేడానే చూపించింది. పన్నెండు మందితో చేసినదే, దాన్ని బట్టి పెద్ద తీర్పులు చెప్పను. మెత్తటి ఎలాస్టోమర్ వస్తువుల మీద కడిగిన ఒకరోజు తర్వాత కూడా కొన్నిటిలో హెచ్‌పీవీ వైరస్ ఆనవాళ్లు దొరికాయి. సిలికోన్ వాటి మీద ఒకరోజు తర్వాత దొరకలేదు. అందుకే టీపీఈ వస్తువు ఒక్కరిదే. స్నేహితురాలిదైనా సరే, భాగస్వామిదైనా సరే, పంచుకోవద్దు. తప్పదనుకుంటే ప్రతిసారీ కొత్త కండోమ్ తొడుగు. మలద్వారానికి వాడినది ఏదైనా సరే, కడగకుండా, కండోమ్ మార్చకుండా ముందువైపుకి తేకూడదు.

పెట్టె మీద పదార్థం పేరే లేకుండా "బాడీ మసాజర్" అని మాత్రం ఉంటే కొనకు. కొత్త రెయిన్‌కోటు విప్పినప్పుడు వచ్చే వాసన వస్తే అసలు వద్దు. అది పీవీసీ కావచ్చు. దాన్ని మెత్తబరచడానికి థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు. మా ల్యాబ్‌లో రాగి తీగ ఎర్రగా కాల్చి, ముక్కకి తాకించి, మళ్లీ మంటలో పెట్టేవాళ్లం. ఆకుపచ్చ మంట వస్తే క్లోరిన్ ఉన్నట్టు, అంటే పీవీసీ అనుమానం. ఇంట్లో నువ్వు చేయకు, ఆ పొగ మంచిది కాదు. మన దేశంలో పద్నాలుగేళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకి 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నువ్వు కొన్న వస్తువు ఆ ఉత్తర్వు కిందికి రాదు. ఈ వస్తువుల భద్రతకి 2021లో అంతర్జాతీయంగా ఐఎస్‌ఓ 3533 అనే ప్రమాణం వచ్చింది. పెట్టె మీద దాని ప్రస్తావన ఉంటే కొంత నయం.

ఒకవేళ మళ్లీ టీపీఈదే కొన్నావనుకో. వాడే ముందు, వాడాక వెంటనే, గోరువెచ్చని నీళ్లు, వాసన, ఘాటు లేని లిక్విడ్ సబ్బుతో వేళ్లతో రుద్ది కడుగు. బ్రష్షు, పీచు వద్దు, గీతలు పడి క్రిములకి ఇళ్లవుతాయి. మీ హాస్టల్లో బోరు నీళ్లు కదా, ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, చివర్లో ఒక గ్లాసు ఫిల్టరు నీళ్లు పొయ్యి. బోలుగా ఉన్నదైతే లోపలి తడే అసలు శత్రువు. నూగు రాలని శుభ్రమైన గుడ్డ చుట్టి లోపలికి పెట్టి తీయి, తర్వాత తలకిందులుగా నిలబెట్టి ఫ్యాను గాలికి వదిలేయ్. పూర్తిగా ఆరడానికి గంటలు పడుతుంది, తొందరపడి వేడి గాలి డ్రైయర్ పెట్టకు. మన ఇళ్లలో ప్రతిదీ ఎండలో వేస్తే పరిశుభ్రం. నా నెలసరి గుడ్డలకి ఎండే మందు అయ్యేది. టీపీఈకి మాత్రం ఎండ పడదు, పసుపెక్కి బంకగా మారుతుంది. నీడ, గాలి, అంతే.

పూర్తిగా ఆరాక జిగురు పోవడానికి కార్న్‌ఫ్లోర్ పలచగా చల్లి దులుపు. చెమ్మ మీద చల్లితే బూజుకి అన్నం పెట్టినట్టే. టాల్కం పౌడర్ వద్దు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం టాల్క్‌ని బహుశా క్యాన్సర్ కారకం అన్న జాబితాలో పెట్టింది. వాడే ముందు ఆ పిండి కూడా కడిగేయాలి.

కొబ్బరి నూనె గురించి అడిగావు. సహజమైనది కదా, మంచిది కదా అని. తలకి మంచిది. టీపీఈ నూనెని పీల్చుకుని ఉబ్బిపోతుంది. కండోమ్ రబ్బరుని కూడా నూనె నిమిషాల్లో బలహీనపరుస్తుంది. నీటి ఆధారంగా చేసిన లూబ్రికెంట్ రెండిటికీ సరిపోతుంది. సిలికోన్ వస్తువుకి సిలికోన్ లూబ్రికెంట్ రాయకు, పైపొర పాడవుతుంది.

పెట్టే చోటు. రెండు వస్తువులు ఒకదానికొకటి తగలకూడదు, నూనె ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోయి రెండూ అతుక్కుంటాయి. న్యూస్‌పేపర్లో చుడితే అక్షరాలు అచ్చుపడతాయి, పోవు. రంగు గుడ్డ రంగు కూడా ఎక్కుతుంది. బట్టల మధ్య కలరా ఉండలు వేస్తావు కదా, వాటికి దూరంగా పెట్టు. నాఫ్తలీన్ ఆ పదార్థంలోకి చొచ్చుకుపోతుంది, ఎంత కడిగినా రాదు. చీలిక వచ్చిందా, జిగురు పెట్టి అతికించకు, పారేయ్. ఇప్పుడు పారేసేదాంట్లో కూడా బ్యాటరీ ఉంటే తీసి ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వు. మిగతాది కాగితంలో చుట్టి పొడి చెత్తలో వెయ్యి. ఎవరూ విప్పి చూడరు.

ఈ ఉత్తరంతో పాటు రెండు సంచులు పెట్టాను. రంగు వేయని కోరా గుడ్డ, రెండుసార్లు ఉతికాను, గంజి పెట్టలేదు. గాలి ఆడేలా మూతి దగ్గర తాడు మాత్రమే ఉంచాను. సూట్‌కేసు అడుగున కాకుండా బీరువా పై అరలో పెట్టుకో. రూమ్మేటుకి కనపడితే మా పిన్ని కుట్టి పంపిన సంచులని చెప్పు, అది నిజమే కదా. గురువారం లోపు డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏ మందు రాశారో నాకు మెసేజ్ పెట్టు. అర్ధరాత్రయినా ఫర్వాలేదు.

నీ
చిన్న పిన్ని