కార్డుకు తపాలా, ఆల్బమ్‌కు కాలం, డైరీకి చెయ్యి

మిక్స్‌డ్ మీడియా పని మీద ఫిర్యాదు, వస్తువు ఇచ్చిన రోజున రాదు. కాగితం, గుడ్డ, రంగు, జిగురు, దారం, పూసలు కలిపి చేసిన వస్తువు చేతిలో పెట్టేటప్పుడు ఎలాగూ ముచ్చటగానే ఉంటుంది. వారం తిరిగేసరికి పోస్టులో నలిగిపోయిన కార్డు ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. నెల తర్వాత డైరీ అట్ట మీద రంగు పెచ్చులూడుతోందని ఫోను. ఆల్బమ్ సంగతి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. ఎప్పటికో ఫొటో చుట్టూ పసుపు మచ్చ తేలాక, చేసినవాళ్లెవరో గుర్తు తెచ్చుకుని మరీ తిట్టుకుంటారు.

పగలు ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు సీమంతం కార్డులకూ షష్టిపూర్తి ఆల్బమ్‌లకూ ఆఫీసు వీడ్కోలు డైరీలకూ ఆర్డర్లు తీసుకునేవాళ్ల కోసం ఇది. నేర్పే వీడియోలకు కొదవ లేదు. కానీ వాటిలో చాలావరకు వస్తువు పూర్తికాగానే ఆగిపోతాయి, అమ్మేవాళ్లకు పరీక్ష మొదలయ్యేది అక్కడే. కార్డుకు తపాలా శత్రువు, ఆల్బమ్‌కు కాలం శత్రువు, డైరీ అట్టకు చెయ్యి శత్రువు. మూడింటికీ ఒకే పద్ధతి వాడితే రెండు చోట్ల దెబ్బ తింటారు.

అయితే పునాది మాత్రం మూడింటికీ ఒకటే. దుకాణంలో జెస్సో పేరుతో దొరికే తెల్ల పూతలో సాధారణంగా సుద్ద జాతి పొడి, తెల్ల రంగు, యాక్రిలిక్ బైండరు ఉంటాయి. కాగితం రంగును పీల్చేయకుండా ఇది అడ్డుకుంటుంది, పైన వేసేదానికి పట్టు ఇస్తుంది. డబ్బా కొత్తదేమో గానీ పని మనకు పాతదే. చేర్యాల నకాశీ చిత్రకారులు ఖాదీ గుడ్డ మీద బొమ్మ గీసే ముందు సుద్ద మట్టి, చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపి పూతలు పూస్తారు. ఉబ్బెత్తు ఆకారాలకు వాడే మోడలింగ్ పేస్టు చేసే పనిని కొండపల్లిలో మక్కు చేస్తుంది. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ఆ ముద్దతోనే తెల్లపొణికి కర్ర ముక్కలను అతికి ఒంపులు తీరుస్తారు. చేర్యాల అయినా కొండపల్లి అయినా, కింది పూత ఆరకుండా పైది వేయరు. మన పనిలో సగం తప్పులు ఈ ఒక్క నియమం దాటడం వల్ల వచ్చేవే.

ఆరిందో లేదో వేలి కొసతో తాకితే తెలియదు. వేలి వెనక భాగం ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. పలచటి జెస్సో పూత ఎండాకాలంలో అరగంటలో ఆరుతుంది. వానాకాలం కాకినాడలోనో విశాఖలోనో అదే పూతకు పూట పట్టినా ఆశ్చర్యం లేదు. స్టెన్సిల్ మీదుగా దిద్దిన మందపాటి పేస్టును రాత్రంతా వదిలేయాల్సిందే. దానికి హెయిర్ డ్రయర్ పెడితే పైన పెంకు కట్టి, లోపల ఆవిరి పొంగి బుడగలు లేస్తాయి. డ్రయర్ పలచటి రంగుకే. స్టెన్సిల్‌ను మాత్రం పని అవగానే నీళ్లలో వేయాలి, పేస్టు ఎండిందంటే దాని అంచులు ఇక చక్కబడవు.

పొరల వరస కూడా ముఖ్యమే. నీళ్లతో కలిపే రంగులు కింద, నూనె, మైనం ఉన్నవి పైన. ఆయిల్ పాస్టెల్ రుద్దాక యాక్రిలిక్ వేస్తే అది నిలవదు, గోరు తగిలితే ఊడి వస్తుంది. కొవ్వొత్తితో గీతలు గీసి వాటర్ కలర్ పూస్తే గీతలు తెల్లగా మిగిలిపోవడం ఈ గుణం వల్లే. కావాలని చేస్తే అది అందం, తెలియక చేస్తే లోపం. స్ప్రే ఇంకుల్లో చాలావరకు ఆరిన తర్వాత కూడా తడి తగిలితే కరుగుతాయి. వాటి మీద జిగురు పూసి కాగితం అతికిస్తే రంగు పైకి ఊరుతుంది. అందుకే అతికింపులన్నీ అయ్యాకే స్ప్రే పెట్టుకోవడం మేలు.

జిగురు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అమెరికా రచయిత మార్క్ ట్వెయిన్ 1873లో, ముందే బంక పూసి ఉంచిన పేజీల స్క్రాప్‌బుక్‌కు పేటెంట్ తీసుకున్నాడు. పేజీ తడిపి కాగితం అతికిస్తే చాలు. అంతటి రచయితను కూడా జిగురు గిన్నె ఎంత విసిగించిందో! మన ఇళ్లలో ఫెవికాల్ లాంటి తెల్ల జిగురే అన్నింటికీ వాడతాం. పట్టు గట్టిదే, చిక్కంతా అందులోని నీళ్లతో. కాగితం నీరు పీల్చి సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, దాంతో అట్ట విల్లులా వంగుతుంది. జిగురు తక్కువగా తీసుకుని, పాత ఏటీఎం కార్డు అంచుతో పలచగా లాగండి. పైనా కిందా బటర్ పేపరు వేసి రాత్రంతా బరువు కింద పెట్టండి. అట్టకు ఒకవైపు ఏదైనా అతికించారంటే రెండోవైపు కూడా ఒక కాగితం అతికించాలి, అప్పుడు రెండు లాగుళ్లు సరితూగి అట్ట చదునుగా నిలుస్తుంది. పాత బైండింగ్ పనివాళ్లు మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్లు, పిండి వాసనకు పురుగు రాకుండా. అది విషం. పిల్లలు ముట్టుకునే వస్తువుల్లో ఆ పద్ధతి పనికిరాదు.

ఇక కార్డు. 250 నుంచి 300 జీఎస్ఎం కాగితం దీనికి సరిపోతుంది. మడిచే ముందు కాగితం వాటం చూడండి: రెండు వైపులకూ మెల్లగా వంచితే ఒకవైపు సులువుగా వంగుతుంది, మడత ఆ వాటంలోనే రావాలి. ఎదురు వాటంలో మడిస్తే మడత మీద కాగితం చిట్లి, రంగు పగులుతుంది. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పట్టి ముందు గీత నొక్కి, ఆ తర్వాత మడవండి. మడత గీత మీద పేస్టు వేయొద్దు. నిలబెట్టే కార్డయితే బరువైన అలంకారమంతా కింది సగంలో ఉండాలి, లేకపోతే ముందుకు బోర్లా పడుతుంది.

పోస్టులో వెళ్లే కార్డు మీద ఎత్తు మూడు మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోండి. ఫోమ్ టేపు ఒక్క వరస చాలు. పూసలు, లోహపు బిళ్లలు కవరును లోపలి నుంచే చింపుతాయి. వాటికి బదులు దారంతో కుట్టు వేస్తే చూడ్డానికీ బాగుంటుంది, నలిగినా పోయేదేమీ ఉండదు. పూసలు ఉండాల్సిందేనని పట్టుబడితే చిన్న అట్టపెట్టె ఖర్చు కలిపి చెప్పండి. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు పంపే కార్డులకు ఇంకో జాగ్రత్త అవసరం. ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో ఎండు పూలు, గింజలు, గడ్డి మీద క్వారంటైన్ నిబంధనలు కఠినం. విత్తనాల కాగితంతో చేసిన కార్డు అందకపోతే ఆ మాట మీకే వస్తుంది.

పెళ్లి కార్డుకు మనకంటూ ఒక నియమం ఉంది. నాలుగు మూలలా పసుపు అద్దుతారు. ఆ మూలల్లో లేసులు, ముత్యాలు పెట్టిన కార్డును చూసి పెద్దవాళ్లు ఎక్కడ అద్దాలని అడుగుతారు. తడి పసుపు తగిలి మూలనున్న స్ప్రే ఇంకు కారితే కార్డు మొత్తం పాడు. మూలలు ఖాళీగా వదిలేయండి, రంగు అక్కడిదాకా తేవాలనుకుంటే ఆరిన తర్వాత నీటికి కరగని యాక్రిలిక్ వాడండి. నల్ల నేపథ్యం మీద బంగారు రంగు ఇప్పుడు ఫ్యాషనే గానీ, ఒప్పుకునే ముందు ఇంట్లో పెద్దవాళ్లకు చూపించమని పెళ్లివారికి చెప్పండి. పెళ్లికూతురికి నచ్చితే చాలదు.

ఆల్బమ్‌కు వస్తే, స్క్రాప్‌బుక్ పేజీకి అంతర్జాతీయంగా వాడే కొలత 12 అంగుళాల చదరం. మన ఇళ్ల బీరువాలకు 8 అంగుళాలే వీలు. ఇక్కడ మొదటి నియమం: అసలు ఫొటోను ముట్టుకోవద్దు. తాతగారి ఫొటో అయినా, అమ్మ రాసిన ఇన్లాండ్ లెటరు అయినా స్కాన్ చేసి ప్రింటు తీసుకోండి, అసలును ఇంటివాళ్లకే తిరిగి ఇచ్చేయండి. అతికిస్తే మళ్లీ ఊడదీయలేం. పాత పంచాంగం పేజీ, న్యూస్‌పేపరు ముక్క, బస్సు టికెట్టు కొలాజ్‌కు ఎంతో బాగుంటాయి. కానీ న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ ఉంటుంది, వెలుతురుకు పసుపెక్కి పెళుసవుతుంది, పక్కనున్న కాగితానికీ ఆ ఆమ్లం పాకుతుంది. వాటిని కూడా యాసిడ్ ఫ్రీ కాగితం మీద లేజరు జిరాక్సు తీసి వాడండి. సెల్లో టేపును ఆల్బమ్ దరిదాపులకు రానివ్వొద్దు. ఫొటోలకు కార్నర్లు, పేజీలకు తొడుగైతే పాలీప్రొపిలీన్‌వి వాడాలి. పీవీసీ తొడుగులు ఫొటోను పట్టుకుని పాడుచేస్తాయి.

ఎండు పూలలో కాగితం పూలు రంగు బాగా నిలుపుకుంటాయి. మల్లెలు గోధుమ రంగుకు తిరుగుతాయి. పెళ్లి దండలోని మల్లెలే కావాలనేవాళ్లకు ఆ మాట ముందే చెప్పాలి. టిష్యూ మధ్య పెట్టి, లావు పుస్తకాల కింద రెండు మూడు వారాలు ఉంచిన పూలే వాడండి. సగం ఎండినవి బూజు పడతాయి. ఇంకో చిక్కు మందం. ప్రతి పేజీలో ఏదో ఒకటి అతికిస్తే ఆల్బమ్ నోరు తెరుచుకుని మూతపడదు. బైండింగ్ దగ్గరే పేజీల మధ్య సన్నటి అట్ట పట్టీలు కుట్టించండి, వీపు లావూ లోపలి లావూ సమానమవుతాయి.

నా ఉద్దేశంలో మూడింటిలో కష్టమైంది డైరీ అట్టే. రోజూ చెయ్యి పడుతుంది, చెమట తగులుతుంది, బ్యాగులో తాళాలతో రాసుకుంటుంది. రెండు మిల్లీమీటర్ల గ్రే బోర్డు తీసుకోండి, వాటం వీపుకు సమాంతరంగా ఉండాలి. వీపు మీద, మడత దగ్గర పేస్టు, జెస్సో వద్దు, తెరిచి మూసే కొద్దీ పగులుతాయి. అక్కడ గుడ్డే వేయాలి. పెడన అచ్చు కలంకారీ ముక్కలు దీనికి చక్కగా కుదురుతాయి. పలచటి గుడ్డకు నేరుగా జిగురు పూస్తే ఇవతలికి ఊరి మచ్చలు పడతాయి. టైలరింగ్ సామాను అమ్మే కొట్లో ఫ్యూజింగ్ దొరుకుతుంది, గుడ్డ వెనక దాన్ని ఇస్త్రీతో అంటించి, ఆ తర్వాత అట్టకు అతికించండి. గుడ్డ అంచులను అట్ట లోపలివైపుకు ఒకటిన్నర సెంటీమీటరు మడవండి.

అట్ట మీద ఫొటో కావాలంటే ట్రాన్స్‌ఫర్ పద్ధతి వాడుకోవచ్చు. లేజరు ప్రింటు తీసి, జెల్ మీడియం పూసిన చోట బోర్లా అంటించి, మర్నాడు వెనక కాగితాన్ని తడిపి వేలితో మెల్లగా రుద్ది తీసేస్తే బొమ్మ మిగులుతుంది. ఇంక్‌జెట్ ప్రింటుకు ఈ పద్ధతి కుదరదు, రంగు అలికిపోతుంది. బొమ్మలో అక్షరాలుంటే ప్రింటు అద్దంలో కనిపించేలా తిరగేసి తీయాలి. త్వరగా అమ్ముడుపోతాయని సినిమా హీరోల ఫొటోలు, కార్టూను బొమ్మలు, సినిమా పాటల పల్లవులు అమ్మే వస్తువు మీద వేయకండి. వాటి హక్కులు వేరేవాళ్లవి.

చివర మ్యాట్ వార్నిష్ రెండు పలచటి పూతలు. స్ప్రే అయితే బాల్కనీలో, మాస్కు పెట్టుకుని. యాక్రిలిక్ వేడికి మెత్తబడే పదార్థం. ఏప్రిల్, మే నెలల్లో రంగు వేసిన రెండు ముఖాలు ఒకదానికొకటి అంటుకుంటే, విడదీసేటప్పుడు రంగు ఊడి వస్తుంది. వార్నిష్ ఆరాక కొవ్వొత్తి మైనం చాలా కొద్దిగా రాసి గుడ్డతో తుడవండి. మధ్యలో బటర్ పేపరు పెట్టకుండా ప్యాక్ చేయొద్దు.

ఇక డబ్బు సంగతి. ఈ పనిలో నష్టపోయేవాళ్లు కాగితం ఖరీదు లెక్కేస్తారు గానీ తమ సాయంత్రాలను లెక్కేయరు. ఉదాహరణకు ఒక కార్డుకు సామాను 40 రూపాయలు, పని 35 నిమిషాలు అనుకుందాం. మీ గంటకు 120 రూపాయలు కట్టుకుంటే పనికి 70. ప్యాకింగ్ 12, పాడైపోయేవాటికి 4. అసలే 126 అయింది. 100కు ఇస్తే చేతి నుంచి పడుతుంది, 150 చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు. మొదట ఒక్క నమూనా చేసి చూపించి, ఒప్పుకున్నామని వాట్సాప్‌లో రాయించుకోండి. సగం అడ్వాన్సు వచ్చాకే మిగతావాటికి కాగితం కోయండి. వ్యాపారాన్ని నమోదు చేసుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యం పోర్టల్‌లో నమోదు ఉచితం, ఫీజు అడిగే సైట్లను నమ్మొద్దు.

గడువు కూడా ఇదే లెక్కలోంచి తేలుతుంది. 30 కార్డులు, ఒక్కోటి 35 నిమిషాలంటే పదిహేడున్నర గంటలు. ఉద్యోగం నుంచి వచ్చాక రోజుకు రెండు గంటలు కూర్చోగలిగితే తొమ్మిది సాయంత్రాలు. నమూనాకు, పేస్టు ఆరడానికి, ప్యాకింగుకు ఇంకో నాలుగైదు రోజులు వేసుకోండి. రెండు వారాల గడువు ఇవ్వని 30 కార్డుల ఆర్డరు దగ్గరి బంధువులది అయినా సరే, కుదరదని మొదటి రోజే చెప్పేయండి.