నాలుగో హాప్ దగ్గర 60% లాస్: తప్పు చదివింది నేనే

పోయిన సెమిస్టర్‌లో రాంనగర్‌లోని మా రూమ్ నుంచి ప్లేస్‌మెంట్ టెస్ట్ రాస్తుంటే రెండుసార్లు కనెక్షన్ తెగింది. టెస్ట్ పోయింది. కోపంతో ఎంటీఆర్ రన్ చేశా. 100 ప్యాకెట్లకు వచ్చిన లాస్ ఇది:

హాప్ 1 (192.168.1.1): 9%
హాప్ 2: 8%
హాప్ 3: 10%
హాప్ 4: 60%
హాప్ 5: 9%
హాప్ 6 (సర్వర్): 9%

60 కనబడగానే స్క్రీన్‌షాట్ తీసి, మాకు నెట్ ఇచ్చే అన్నకు పంపా. "అన్నా, మీ లైన్‌లోనే పోతోంది" అన్నా. ఆయన మనిషిని పంపి బయటి కేబుల్ మార్పించాడు. ఏం మారలేదు.

అసలు ట్రేస్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. ప్రతి ప్యాకెట్‌లో టీటీఎల్ అనే అంకె ఉంటుంది. ప్రతి రౌటర్ దాన్ని ఒకటి తగ్గిస్తుంది. సున్నా అయితే ప్యాకెట్‌ని పారేసి, "టైమ్ ఎక్సీడెడ్" అని ఐసీఎంపీ జవాబు పంపుతుంది. టీటీఎల్ 1, 2, 3 అని పెంచుతూ పోతే దారిలో ఎవరెవరున్నారో తెలుస్తుంది.

ఇక్కడే మెలిక. ప్యాకెట్లను ముందుకు పంపే పని హార్డ్‌వేర్ చూసుకుంటుంది. జవాబు రాసే పని మాత్రం సాధారణంగా రౌటర్ సీపీయూది. అది బిజీ కాకుండా చాలా రౌటర్లు జవాబులకు పరిమితి పెడతాయి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ట్రాఫిక్ కానిస్టేబుల్ మనం అడిగిన అడ్రస్‌కి జవాబివ్వకపోవచ్చు. అంతమాత్రాన చిక్కడపల్లి వైపు బండ్లు ఆగిపోయినట్టు కాదు కదా!

కాబట్టి రిపోర్ట్ ఇలా చదవండి:

1. ముందు చివరి లైన్ చూడండి. అక్కడ 0% ఉంటే మధ్యలో ఎంతున్నా కంగారు వద్దు.
2. ఒక హాప్ దగ్గర మొదలైన లాస్ చివరిదాకా కొనసాగితే అది నిజమైన లాస్. మొదలైన చోటే వెతకడం మొదలుపెట్టండి. అయితే జవాబు వేరే దారిలో తిరిగి రావచ్చు, లోపం అక్కడా ఉండొచ్చు.
3. చివరి హాప్ మాత్రమే 100% చూపిస్తూ సైట్ మామూలుగా తెరుచుకుంటే, ఫైర్‌వాల్ ఐసీఎంపీని ఆపుతోందేమో. టీసీపీ మోడ్‌లో 443 పోర్ట్‌కి పంపి చూడండి.
4. 10 ప్యాకెట్లు చాలవు. ఒక్కటి పోయినా 10% అంటుంది. కనీసం 100 పంపండి.

ఇప్పుడు పైన నా రిపోర్ట్ మళ్లీ చూడండి. 9% మొదటి హాప్‌లోనే మొదలై సర్వర్ దాకా పోయింది. మొదటి హాప్ అంటే మా రూమ్‌లోని రౌటర్! ల్యాప్‌టాప్‌కి, దానికి మధ్య ఉన్నది వైఫై ఒక్కటే. ల్యాన్ కేబుల్ పెట్టి మళ్లీ రన్ చేశా. మొదటి హాప్ 0%, సర్వర్ 0%. నాలుగో హాప్ మాత్రం ఇంకా 60 దగ్గరే ఉంది!

అన్నకు ఫోన్ చేసి సారీ చెప్పా. "గది ముందే చూస్కోవాలె కద తమ్మీ" అన్నాడు.

మీకు ఈ నెలలో టెస్ట్ ఉంటే, ముందురోజు రాత్రే వైఫైతో ఒకసారి, కేబుల్‌తో ఒకసారి ఎంటీఆర్ రన్ చేసి పెట్టుకోండి. విండోస్‌లో ఎంటీఆర్ లేకపోతే పాత్‌పింగ్ ఉంది.