మెదడులోని నీలిచుక్క – చిత్రములు చెప్పునది, చెప్పలేనిది

అర్ధరాత్రి వీధితలుపు ఎవరైన దబదబ బాదినచో గాఢనిద్రలో నున్నవాడు సైతము ఒక్క క్షణములో లేచి కూర్చుండును. గుండె వడిగా కొట్టుకొనును, కనుపాపలు విప్పారును, చెవులు చిన్న సవ్వడిని కూడ పట్టును. దేహమును, మనస్సును ఇట్లు మేల్కొలుపు పదార్థములలో ముఖ్యమైనది నార్‌అడ్రినలిన్. నరముల కొనలనుండి వెలువడి గుండెను, రక్తనాళములను ఉత్తేజపరచునది ఇదియే యని స్వీడను శాస్త్రజ్ఞుడు ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ 1946లో చూపెను. 1970లో నోబెల్ బహుమానము పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు.

పుట్టుచోటు

మెదడులో ఈ పదార్థమునకు ప్రధానస్థానము మెదడు కాండమునందు, చిన్నమెదడునకు ముందువైపున, కుడియెడమల చెరియొకటిగా నున్నది. కోసి చూచినప్పుడు నీలిఛాయతో కనబడుటచే జర్మనీకి చెందిన వెంజెల్ సోదరులు 1812లో దీనికి లోకస్ సెరూలియస్, అనగా నీలిచోటు, అని పేరిడిరి. ఇచ్చటి కణములలో నార్‌అడ్రినలిన్ ఉన్నదని 1964లో స్వీడనుకు చెందిన డాల్‌స్ట్రోమ్, ఫుక్సె ఎలుకల మెదడులను పరీక్షించి తెలిపిరి.

దీని పొడవు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు, మందము రాగిగింజంత. మానవుని మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణములుండగా ఇచ్చట నున్నవి కొన్ని పదుల వేలు మాత్రమే. అయినను చెరువు తూము చిన్నదైనను ఆయకట్టంతటికి నీరు పారించునట్లు, వీని పోగులు మెదడంతటికిని, వెన్నుపామునకును వ్యాపించియున్నవి.

చిత్రమున ఎట్లు కనబడును?

రక్తములోని నార్‌అడ్రినలిన్ మెదడులోనికి సులభముగా ప్రవేశింపదు. కావున రక్తపరీక్షచే మెదడు సంగతి తెలియదు. పూర్వము మరణానంతరము మాత్రమే ఈ భాగమును పరిశీలింప వీలయ్యెడిది.

ఈ కణములలో వయస్సుతోపాటు న్యూరోమెలనిన్ అను ముదురు వర్ణకము చేరును. 2006లో జపాను వైద్యులు శక్తిమంతమైన 3 టెస్లా ఎం.ఆర్.ఐ. యంత్రముతో ప్రత్యేక విధానమున చిత్రము తీయగా, ఈ చోటు రెండు తెల్లని చుక్కలుగా కనబడినది. పెట్ స్కాన్ మరియొక మార్గము. వెలువడిన నార్‌అడ్రినలిన్‌ను కణములు తిరిగి లోనికి తీసికొను ద్వారములు గలవు. వానికి అంటుకొను పదార్థమును స్వల్ప రేడియోధార్మికతతో సూదిద్వారా ఎక్కించి, అది ఎచ్చట చేరినదో చూతురు.

ఆ క్షణమున ఈ చోటు పనిచేయు తీరును పట్టుట మిక్కిలి కష్టము. సాధారణ చిత్రములోని ఒక్కొక్క గడియే రెండు మూడు మిల్లీమీటర్లుండును. పైగా గుండె కొట్టుకొన్నప్పుడెల్ల మెదడు కాండము కొంచెము కదలును. అందుచే పరిశోధకులు కనుపాప పెరుగుట, తగ్గుటలను కూడ ప్రక్కన కొలుతురు.

ఇంతవరకు తెలిసినది

చుక్కల వెలుగు నడివయస్సు వరకు పెరిగి, వార్ధక్యమున తగ్గును. కంపవాతమును బోలిన పార్కిన్సన్ వ్యాధియందును, మతిమరుపును కలిగించు అల్జైమర్స్ వ్యాధియందును మరింత తగ్గును. అల్జైమర్స్‌తో సంబంధముగల మార్పులు తొలుత మెదడు కాండమున, ముఖ్యముగా ఈ చోటనే, యౌవనములోనే ఆరంభము కావచ్చునని 2011లో జర్మనీ శాస్త్రజ్ఞుడు బ్రాక్ బృందము రెండువేలకు పైగా మెదడులను పరీక్షించి ప్రకటించినది. మన జిల్లావారు తరచు వెళ్లు బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు, ఇదే వర్ణకము గల మరియొక నల్లని భాగమును పార్కిన్సన్ రోగులలో చిత్రించి 2018లో ఫలితములు వెల్లడించిరి. అదే సంవత్సరము డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల పరిశోధకులు శ్వాసతోపాటు నీలిచోటు చురుకుదనము హెచ్చుతగ్గులగునని తెలిపిరి.

దీనిని ప్రాణవాయువని గాని, సాధకపిత్తమని గాని పేరు మార్చి చెప్పుట తగదు. ఆ శాస్త్రపు కొలత వేరు, మన కొలత వేరు.

సర్పగంధ నేర్పు పాఠము

రక్తపోటునకు, ఉన్మాదమునకు సర్పగంధ పనిచేయునని 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ వ్రాసిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ వ్యాసము దానికి ప్రపంచఖ్యాతి తెచ్చెను. 1952లో దానినుండి రిసర్పిన్ వేరుచేయబడెను. ఇది నరముల కొనలలోని నార్‌అడ్రినలిన్ నిల్వను ఖాళీచేయును. రక్తపోటు తగ్గుట అందువలననే. అయితే ఆ నిల్వ మెదడులోను ఖాళీయగును. కొందరు రోగులు తీవ్ర నిరుత్సాహమునకు లోనగుట వైద్యులు గమనించిరి. మూలికయే కదా యని దీనిని ఇంట వాడుట ఎంత ప్రమాదమో దీనినిబట్టి గ్రహింపవలెను.

గృహస్థులకు సూచనలు

1. సర్పగంధ చూర్ణమును, మాత్రలను వైద్యుని పర్యవేక్షణ లేక వాడరాదు. రక్తపోటు, మనోవ్యాధి మందులు వాడువారు, నిరుత్సాహముతో నున్నవారు వైద్యునికి ఆ సంగతి ముందే చెప్పవలెను.

2. నీలిచోటు చిత్రము నేటికిని ప్రధానముగా పరిశోధనకే పరిమితము. ఆందోళనకు, నిద్రలేమికి కారణము తెలియునని దానికై వ్యయము చేయనక్కరలేదు.

3. ఇంటి పెద్దలకు క్రొత్తగా మతిమరుపు, వణకు, నిలబడగానే కన్నులు చీకట్లు క్రమ్ముట కనబడినచో వయోధర్మమని ఉపేక్షింపక నరముల వైద్యునికి చూపవలెను.

4. నిద్రలో ఈ చోటు నెమ్మదించును. కనుక రాత్రి వేళకు శయనించి, పగలు కొంతసేపు మెల్లగా దీర్ఘశ్వాస అభ్యసించుట అందరికిని మేలు. ఇది మందులకు తోడే గాని, వానికి బదులు కాదు.