వంతెన అవతలి వ్యాను, ఇవతలి పన్ను

తెలంగాణలోని నందికొండలో సెకండ్ హ్యాండ్ వ్యాను కొనాలనుకున్న కుర్రాడి చూపు ముందుగా ఏటి అవతలికే పోతుంది. కృష్ణ దాటితే విజయపురి సౌత్, ఆపైన మాచర్ల. బేరం కుదిరితే సాయంత్రానికల్లా బండి హిల్ కాలనీలో ఉంటుంది. 2014 జూన్ 2కు ముందైతే రెండు గట్లూ ఒకే రాష్ట్రం. ఇప్పుడు అవతలిది ఆంధ్రప్రదేశ్, ఏపీ 39 నంబరుతో వచ్చిన బండి పరాయి రాష్ట్రపు బండి కింద లెక్క. అక్కడ కట్టిన లైఫ్ టాక్స్ ఇక్కడ చెల్లదు. కాబట్టి బేరమాడాల్సిన ధరలో ఇక్కడ కట్టబోయే పన్నునూ కలుపుకోవాలి.

ఆ పన్ను ఎంతన్నది ప్లేటు రంగును బట్టి ఉంటుంది. తెల్ల ప్లేటు సొంతానికి, పసుపు ప్లేటు కిరాయికి అని అందరికీ తెలుసు. కానీ ఈ గీత చాలామంది అనుకున్న చోట లేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం డ్రైవర్ కాక ఆరుగురి దాకా కిరాయికి తిప్పేది మోటార్ క్యాబ్, ఆరు దాటి పన్నెండు దాకా అయితే మాక్సీ క్యాబ్. ఇంతవరకు తికమక లేదు. మెలిక ఏమిటంటే, డ్రైవర్ కాక ఆరుగురికి మించి పట్టే వ్యానులో మీ హోటల్ పనివాళ్లనో, మీ కాంట్రాక్టు కూలీలనో ఒక్క పైసా తీసుకోకుండా రోజూ తిప్పినా అది రవాణా వాహనమే. బడి పేరు మీదున్న బస్సూ అంతే. సరుకు కోసం కట్టిన వ్యానులో మీ కూరగాయలే మోసుకున్నా అది గూడ్సు బండే. దాని మొత్తం బరువు 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ అక్కర్లేదు. అయితే పసుపు ప్లేటూ ఫిట్‌నెసూ తప్పవు. పర్మిట్ లేదు కదా అని తెల్ల ప్లేటు పెట్టుకుని తిరిగేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

సొంత బండికి లైఫ్ టాక్స్ ఒకేసారి కట్టాలి. తెలంగాణలో 2022 మే నుంచి ఉన్న లెక్కలో 5 లక్షల నుంచి 10 లక్షల ధర కొత్త బండికి 14 శాతం. 6 లక్షల వ్యాను అయితే 84 వేలు. మీ పేరున ఇప్పటికే ఓ కారుంటే మరో 2 శాతం పడి 96 వేలవుతుంది. పాత బండికి వయసును బట్టి శాతం తగ్గుతుంది. కానీ లెక్కకు మూలం మీరిచ్చిన బేరం ధర కాదు, అది కొత్తగా అమ్ముడైనప్పటి ధర. అందుకే అసలు ఇన్వాయిస్ అడిగి తీసుకోండి.

కిరాయి వ్యానుకు సీట్ల లెక్కన మూణ్నెల్లకోసారి కట్టే పన్ను చేతికి తేలిగ్గా కనిపిస్తుంది. దాని వెనకే పర్మిట్, ఖరీదైన ఇన్సూరెన్స్, ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా ఫిట్‌నెస్ వస్తాయి. ఇల్లు గడిచేది కిరాయిల మీదే అయితే పసుపు ప్లేటే తీసుకోవాలని నా సలహా. ఇంటి అవసరానికైతే తెల్ల ప్లేటు ఉంచుకుని, బంధువుల పెళ్లికైనా డబ్బు పుచ్చుకోకండి.

‘ఆదివారం ఒక్క ట్రిప్పే కదా’ అనే మాట మీద నాకు నమ్మకం లేదు. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే సెక్షన్ 192ఏ కింద 10 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉన్నాయి. అంతకన్నా భయపడాల్సింది ఇన్సూరెన్స్ గురించి. ప్రైవేటు పాలసీ కిరాయి ప్రయాణానికి వర్తించదని పాలసీలోనే రాసి ఉంటుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బండి బోల్తా పడి, ఎక్కినవాళ్లు డబ్బిచ్చామని వాంగ్మూలం ఇస్తే, పరిహారం భారం చివరికి ఓనరు మీద పడొచ్చు. పొలం అమ్మినా తీరని మొత్తాలవి.

నందికొండ డ్రైవర్‌కు ఇంకో చిక్కుంది. పర్యాటకులు చూడొచ్చే బుద్ధవనం ఈ గట్టునే. అదే సవారీ ‘ఎత్తిపోతల కూడా చూపించన్నా’ అంటే వంతెన దాటాలి, అది ఆంధ్రప్రదేశ్. రాష్ట్రం లోపలి పర్మిట్ అక్కడ పనికిరాదు. విభజన తర్వాత 2015 ఏప్రిల్ 1 నుంచి ఏపీ రవాణా బండ్లకు తెలంగాణ ప్రవేశ పన్ను మొదలుపెట్టింది కూడా. పర్యాటకుల మీదే బతుకుదామనుకుంటే ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఖర్చును మొదటి రోజు లెక్కలోనే వేసుకోండి. లైసెన్సు సంగతి కొంత ఊరట: 7,500 కిలోల లోపు రవాణా బండికి మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 6న తేల్చింది.

కాగితాల్లో ముందు కావాల్సింది బండి రిజిస్టరైన ఆఫీసు ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28. ఫైనాన్స్ ఉంటే వాళ్ల సమ్మతి లేకుండా అది రాదు. వేరే రాష్ట్రంలో 12 నెలలు తిరగొచ్చన్న మాటను చాలామంది తప్పుగా పట్టుకుంటారు. అది నంబరు మార్పుకున్న గడువు మాత్రమే. బండి కొన్నవాడు 30 రోజుల్లో యాజమాన్య బదిలీకి దరఖాస్తు చేసుకోవాలి. ఇక పన్ను చట్టం వేరు, అది 1963 నాటిది. ఈ రాష్ట్రంలో నడిపే బండికే కాదు, నడిపేందుకు ఉంచిన బండికీ అది వర్తిస్తుంది. అందుకే సీజను లేక మీ పసుపు ప్లేటు బండిని షెడ్డులో పెట్టాలనుకుంటే, క్వార్టర్ మొదలయ్యేలోపే ఆ సంగతి ఆర్టీవోకు రాసిచ్చి రసీదు తీసుకోవాలి. తర్వాత చెప్పుకుంటే వినరు.

పసుపు బండి చవగ్గా వస్తోంది, తర్వాత తెల్ల ప్లేటుకు మార్చుకోవచ్చులే అని బ్రోకరు అంటాడు. మార్చుకోవచ్చు, నిజమే. పర్మిట్ సరెండర్ చేసి, బకాయిలు తీర్చి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు బండి చూపించి, లైఫ్ టాక్స్ కట్టాక. ఆ ఖర్చు కలిపితే చవక ఎంత మిగిలిందో కాగితం మీద వేసి చూడండి. అడ్వాన్స్ ఇచ్చేముందే ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ చూసుకోండి. పాత ఓనరు ఎగ్గొట్టిన క్వార్టర్లకు కొన్నవాడినీ అడుగుతారు గనుక, చివరి పన్ను రసీదు చేతికి వచ్చేదాకా మిగతా డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.