ఉద్యోగధర్మము - ఆత్మనిగ్రహము

ఉద్యోగమున ప్రవేశించిన తొలినాళ్ళలో ఎవరికైనను ఉత్సాహముండును. ఏండ్లు గడచినకొలది అవే దస్త్రములు, అవే ముద్రలు, అవే సంతకములు. క్రమముగా మనస్సున విసుగు పుట్టును. విసుగు పుట్టుట దోషము కాదు, అది మనస్సునకు సహజము. దానిని అదుపులో నుంచుకొనలేకపోవుటయే దోషము.

పాల్ స్పెక్టర్ మొదలగు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కార్యాలయములలోని హానికర ప్రవర్తనను 2006లో ఐదు విధములుగా విభజించిరి. ఇతరులను నొప్పించుట, పనిని కావలెనని తప్పుగా చేయుట, వస్తువులను పాడుచేయుట, అపహరించుట, పనినుండి తప్పించుకొనుట అనునవి అవి. విసుగు అధికమైనచోట ఇట్టి ప్రవర్తనయు అధికముగా కనబడునని 2011లో వెలువడిన అధ్యయన మొకటి తెలుపుచున్నది.

అంగడిలో ఆదరణ లేనిచో మరియొక అంగడికి పోవచ్చును. ప్రభుత్వ కార్యాలయమునకు వచ్చినవారికి అట్టి అవకాశము లేదు. పింఛను కొరకు అర్జీ పట్టుకొని వచ్చిన వృద్ధురాలితో గుమాస్తా తల యెత్తకయే "రేపు రమ్ము" అనును. అతడు లంచమడుగలేదు, ఆమెపై ద్వేషమును లేదు. కనుక తాను నిర్దోషినని తలచును. కాని ఆమెకు ఆనాటి కూలి పోయినది, బస్సు ఖర్చు మిగిలినది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1964లో ఏర్పడిన ప్రవర్తనా నియమావళియందలి 3-ఎ నియమము అమర్యాదను, బుద్ధిపూర్వకమైన జాప్యమును నిషేధించుచున్నది. లంచము ముట్టనంత మాత్రమున ఉద్యోగధర్మము నెరవేరినట్లు కాదని దీని భావము.

మరి మనస్సును నిలుపుటెట్లు? ఆత్మసంయమయోగమను గీత ఆరవ అధ్యాయమున అర్జునునకు కలిగిన సందేహమును ఇదియే. అభ్యాసము, వైరాగ్యము అను రెండింటిని భగవానుడు ఉపాయములుగా చూపెను. కార్యాలయమున అభ్యాసమనగా చిన్న పనియే. విసుగు కలిగినపుడు కాగితమునుండి చూపు మరల్చి ఎదుటివారి ముఖమును చూడవలెను. ఆ అర్జీ తనకు ఆనాటికి నూరవది కావచ్చును, ఆమెకు మాత్రము అది యొక్కటియే. చేత నున్న దానిని ముగించి పిమ్మట మరియొకటి తీయవలెను.

పై అధికారులకును బాధ్యత కలదు. ఒకనినే ఏండ్ల తరబడి ఒకే పనియందుంచక మార్చుచుండవలెను. అతని పనివలన ఎవరికి మేలు కలిగెనో అతనికి తెలుపవలెను. భారత ప్రభుత్వము 2020లో ఆమోదించిన ఉద్యోగుల శిక్షణ కార్యక్రమమునకు కర్మయోగి యని పేరిడినది. ఆ వృద్ధురాలు మరునాడు మరల రానక్కరలేక పోయిననాడు ఆ గుమాస్తాకు ఆ పేరు తగును.