ఉరిమితే మంచం కిందికి

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. ఉరిమితే చాలు, మంచం కిందికి దూరుతుంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, గాంధీనగర్, హైదరాబాద్

జవాబు: పిరికిదానివని మాత్రం అనకండమ్మా. ఈ వయసులో ఈ భయం సహజం. ఒళ్లోకి తీసుకుని, మన పెద్దలు చెప్పించే అర్జునుడి పది పేర్లు నెమ్మదిగా పలికించండి. ఊపిరి కుదుటపడుతుంది, ధ్యాస మళ్లుతుంది. తర్వాత లెక్క నేర్పండి. మెరుపు కనబడిన మూడు సెకన్లకు ఉరుము వినిపిస్తే, అది సుమారు కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. అంకె పెరుగుతుంటే వాన దూరమవుతోందని తనే మీకు చెబుతుంది. ఉరుములు ఆగాక అరగంట వరకూ మేడ మీదికి పంపకండి.

హుస్సేన్‌సాగర్ నాలా పక్కనున్న మీ వైపు, 2000 ఆగస్టు వరదను చూసిన పెద్దలకు వానంటే గుబులు ఉంటుంది. ఆ మాటలు పాప చెవిన పడనీయకండి. మబ్బు పట్టగానే బడికి వెళ్లనని నెలల తరబడి మొరాయిస్తే, పిల్లల మానసిక నిపుణులకు చూపించండి.